మహారాజశ్రీ దెయ్యాల కొంప గారి సముఖమునకు

నవలల్లో స్థిరనివాసం ఏర్పరచుకున్న మహారాజశ్రీ దెయ్యాల కొంప గారికి తమరి పాఠకులు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. తమరి దగ్గర ఎవరూ క్షేమంగా ఉండకూడదు కాబట్టి ఆ సంగతి అడగడం లేదు.

ఈ ఉత్తరం తమరి పనితీరు మీద ఫిర్యాదు. మూడు వందల పేజీల పుస్తకానికి అట్ట మీద బొమ్మ తమరిది. తీరా చదివి లెక్క తీస్తే తమరు చేసిందేమిటి? ఎవరూ చూడకుండా ఓ తలుపు మూశారు. ఓ గుమ్మం దగ్గర చలి పుట్టించారు. రెండు రాత్రులు గోడలు బాదారు. మిగతా చాకిరీ అంతా అందులో దిగిన ఆ పిచ్చితల్లి తన బుర్రలో తానే చేసుకుంది. పేరు మాత్రం తమరికి!

తమరి వంశోద్ధారకుడు హిల్ హౌస్‌నే తీసుకుందాం. 1959లో షిర్లీ జాక్సన్ తన నవలలో కట్టిన ఇల్లు. అందులో దెయ్యాల సంగతి తేల్చడానికి డాక్టర్ మాంటేగ్ ఇద్దరాడవాళ్లనీ ఒక మగవాణ్నీ వెంటబెట్టుకుని దిగుతాడు. మొదటి రాత్రి అక్కడ ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. ఆ ఆడవాళ్లలో ఒకామె ఎలినార్, ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోతుంది. రెండో రాత్రి తలుపులు బాదుడు మొదలవుతుంది, అదీ మగవాళ్లిద్దరూ కుక్కలాంటిదేదో కనబడిందని దాని వెంటపడి తోటలోకి పోయాక. తెరిచి ఆనించిపెట్టిన తలుపులు మళ్లీ చూసేసరికి మూసి ఉంటాయి. ఎందుకయ్యా అంటే తమరి దగ్గర రెండు జవాబులు సిద్ధం. కట్టించినాయన ప్రతి కోణాన్నీ కాస్త వంకరగా పెట్టాడు కాబట్టి తలుపు దాని బరువుకు అదే వాలిపోతుంది. కాదంటే, చీకటి పడకముందే ఊళ్లోకి పారిపోయే వంటావిడ మిసెస్ డడ్లీ పోతూ పోతూ మూసి ఉంటుంది. రెండూ నమ్మేలాగే ఉన్నాయి. రెండూ పూర్తిగా సరిపోవు. పిల్లల గది గుమ్మం దగ్గర అందరికీ వణుకు పుడితే, డాక్టర్ మాంటేగ్ థర్మామీటరు తెచ్చి పెడతాడు. అది ఇసుమంతైనా దిగదు. దిగి ఉంటే రుజువు దొరికేది, రుజువు దొరికితే సగం భయం వదిలేది. ఆ పనిముట్టును పలకనివ్వకుండా తమరు నోరు నొక్కేశారు చూడండీ, అసలు దుర్మార్గమంతా అక్కడుంది.

"మొదటి యాభై పేజీల్లో ఏమీ జరగలేదు" అని తమరి మీద తరచుగా వచ్చే ఇంకో ఫిర్యాదు మాత్రం మేం కొట్టేస్తున్నాం. తమరు ఒళ్లు వంచి పనిచేసేది ఆ యాభై పేజీల్లోనే. ముందు, ఆ మనిషి పెట్టే సర్దుకుని పోకుండా కాళ్లకు బంధం వెయ్యాలి. ఎలినార్ పదకొండేళ్లు మంచంపట్టిన తల్లికి సేవ చేసి, ఇప్పుడు అక్క ఇంట్లో తలదాచుకున్న మనిషి. వెనక్కి పోవడానికి ఆమెకంటూ ఇల్లు లేదు. 1898లో హెన్రీ జేమ్స్ రాసిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ'లో పంతులమ్మకు ఉద్యోగం ఇస్తూ యజమాని పెట్టిన షరతు ఒక్కటే: ఏం జరిగినా నాకు ఉత్తరం రాయకు. 1983 నాటి 'ది ఉమన్ ఇన్ బ్లాక్'లో సముద్రం పోటెత్తితే ఇంటికున్న ఒక్క దారీ మునిగిపోతుంది. ఈ బంధం వదులుగా ఉందా, "మరి వెళ్లిపోవచ్చుగా?" అని పాఠకుడు అడుగుతాడు. అడిగాడంటే నవల అక్కడితో సరి. ఫోనుకు సిగ్నల్ లేదని రాసి చేతులు దులుపుకునే ఈ కాలపు రచయితలకు ఈ సంగతి తమరైనా చెప్పండి.

తరవాత ఇంటి నక్షా. ఏ గది పక్కన ఏ గది, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, రాత్రి నీళ్లకు వెళ్లాలంటే ఎక్కడ మలుపు తిరగాలి, ఇవన్నీ పాఠకుడికి కంఠతా రావాలి. మామూలు రోజుల్లో ఆ దారిన అతన్ని రెండు మూడుసార్లు నడిపిస్తేనే, ఓ రోజు ఒక తలుపు ఉండాల్సిన చోట లేకపోతే గుండె ఝల్లుమంటుంది. నడిపించకుండా తలుపు మాయం చేస్తే "ఓహో, అక్కడ తలుపుండేదా" అని పేజీ తిప్పేస్తాడు. 2000లో వచ్చిన 'హౌస్ ఆఫ్ లీవ్స్'లో ఇంటిని కొలిస్తే బయటి కొలత కంటే లోపలి కొలత పావు అంగుళం ఎక్కువ వస్తుంది. పావు అంగుళమే! టేపు సాగిందేమో అని సర్దిచెప్పుకోవడానికి సందుంచిన కొలత అది. ఆరడుగులు తేడా వచ్చి ఉంటే అది ఇంజనీర్ల తగవు అయ్యేది.

మనిషి మాట మీద అనుమానం కూడా ముందే నాటాలి. నిద్రలేమి, దుఃఖం, మందుల మత్తు లాంటివి ఏవైనా సరే, మొదటి చప్పుడుకు ముందే కథలో మామూలుగా దొర్లిపోవాలి. చప్పుడయ్యాక "ఆమెకు నిద్రమాత్రలు అలవాటు" అన్నామో, అది రచయిత చెప్పుకున్న సాకులా ఉంటుంది. ఇంకో సంగతి: ఆమె పాఠకుడికన్నా ఒక మెట్టు తెలివిగా ఉండాలి. కిటికీలన్నీ బిగించి ఉన్న గదిలో "గాలేమోలే" అని పడుకునే మనిషి మీద జాలి పుట్టదు, విసుగు పుడుతుంది. గొళ్లెం చూసి, పిల్లిని వెతికి, మెట్లు దిగి చూసి, అప్పుడు కూడా తేలక, అప్పుడు "గాలేమో" అనుకోవాలి.

ఇక జీతం పెంచమని అడిగే ముందు తమరు ఈ లెక్క చూసుకోండి. ఒక రాత్రి భయపెడితే మర్నాడంతా ఎండ కాయాలి, టిఫిన్లు తినాలి, జోకులేసుకోవాలి. వరసగా నాలుగు రాత్రులు పింగాణీ గిన్నెలు విసిరితే ఐదో రాత్రి పాఠకుడికి గిన్నెల ధర తప్ప ఇంకేమీ గుర్తురాదు. సాక్షుల విషయంలో మరీ పిసినారిగా ఉండాలి. జేమ్స్ నవలలో పంతులమ్మ, చెరువు అవతల చనిపోయిన పాత పంతులమ్మ మిస్ జెస్సెల్ నిలబడిందని వేలెత్తి చూపిస్తే పక్కనే ఉన్న ఇంటి పనులు చూసే మిసెస్ గ్రోస్‌కు ఏమీ కనబడదు. ఆ ఒక్క చూపు తేడాతోనే 1934లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు దెయ్యాలన్నీ పంతులమ్మ భ్రమేనని వ్యాసం రాశాడు. ఆ తగాదా మీద ప్రొఫెసర్లు ఈనాటికీ జీతాలు తీసుకుంటున్నారు. హిల్ హౌస్‌లో ఆడవాళ్లిద్దరూ బాదుడు వింటారు, నిజమే. కానీ పుస్తకం చివరికొచ్చేసరికి పాట వినబడేది ఎలినార్ ఒక్కదానికే. గుంపులోంచి ఒక్కర్ని అలా మెల్లగా విడదీయడం తమరికి వెన్నతో పెట్టిన విద్య.

శాస్త్రజ్ఞులు తమరి పొట్టకొట్టారని తమరు బాధపడుతున్నట్టు విన్నాం. 1921లో డాక్టర్ విల్మర్ ఒక అమెరికన్ నేత్రవైద్య పత్రికలో ఓ కుటుంబం సంగతి ప్రచురించాడు. వాళ్లకు అడుగుల చప్పుడు వినిపించేది, ఎవరో ఉన్నట్టనిపించేది. చూస్తే ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పాడై, దాన్నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వస్తోంది. 1998లో విక్ టాండీ అనే ఇంజనీరు, తన ప్రయోగశాలలో కనబడిన బూడిదరంగు ఆకారానికి కారణం కొత్తగా బిగించిన ఫ్యాను అని తేల్చాడు. చెవికి వినపడని 19 హెర్ట్జ్ మోత అది. ఇందులో దిగులు పడాల్సింది ఏముంది? దెయ్యం కాదేమో అనిపించడానికి తమరికి ఉచితంగా దొరికిన రెండో జవాబులు ఇవి. తమరిని నిజంగా దెబ్బకొట్టింది న్యూయార్క్ కోర్టు. నయాక్ ఊళ్లో ఓ ఇంటి అమ్మకం తగవులో 1991లో అది, చట్టం దృష్టిలో ఆ ఇంట్లో దెయ్యాలున్నట్టే అని తీర్పిచ్చింది. కోర్టు ముద్ర పడ్డ దెయ్యం ఏ నవలకు పనికొస్తుంది చెప్పండి?

అసలు కోపం ఇప్పుడు చెబుతున్నాం. అటక మీద ట్రంకుపెట్టె, అందులో డైరీ. రెండు వందల యాభై పేజీలు అనుమానంలో నానబెట్టి, ఆఖరికి ఒక ముసలి లైబ్రేరియన్ చేత పాత హత్య చెప్పించి, ఎముకలు తవ్వించి చేతులు కడిగేసుకుంటారు. ఇది పాతకాలపు రోమన్ రచయిత ప్లినీ నాటి ఎత్తు. ఆయన ఉత్తరంలో చెప్పిన కథ ఇది. ఏథెన్స్‌లో అద్దె మరీ తక్కువగా ఉందని అనుమానపడి మరీ ఇల్లు తీసుకున్న వేదాంతి అథెనొడోరస్, సంకెళ్ల దెయ్యం చూపించిన చోట తవ్విస్తే ఎముకలు దొరికాయి. శాస్త్రోక్తంగా పాతిపెట్టారు, దెయ్యం పోయింది. పంతొమ్మిది వందల ఏళ్ల కిందట అది బాగుంది. కానీ ఎముకలు దొరికాక ఆ ఇంట్లో మిగిలేది అద్దె బేరమే.

మా తెలుగువాళ్లతో తమరికి పొత్తు కుదరలేదని అంటారు. కుదరదు మరి. పది నిమిషాలకోసారి ఎవరో ఒకరు తలుపు తడుతుంటే ఏ చప్పుడు దెయ్యానిదని తేల్చాలి? అయితే న్యూజెర్సీలో తమరికి మంచి స్థలం ఉంది. మొగుడి ఉద్యోగాన్ని బట్టి వచ్చే హెచ్4 వీసా మీద వెళ్లిన, ఇంకా పని అనుమతి లేని అమ్మాయి, ఇంకా డ్రైవింగ్ లైసెన్సు రాలేదు, మొగుడు తెల్లారి పోతే రాత్రికే రాక, బయట మోకాలి లోతు మంచు. చెక్క ఇల్లు రాత్రి చలికి ముడుచుకుని టకటకమంటుంది. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ దానంతటదే వెలిగి దానంతటదే ఆరుతుంది. కాలికి బంధం, నక్షా, రెండో జవాబు, అన్నీ కట్టి సిద్ధంగా ఉన్నాయి.

షరతులు రెండే. డైరీ వద్దు. వీడియో కాల్‌లో రాజమండ్రి నుంచి వాళ్లమ్మ "వెనకాల ఎవరే అది?" అని అడగొచ్చు. కానీ పుస్తకం మొత్తానికీ ఒక్కసారే, అదీ బొమ్మ చుక్కలు చుక్కలుగా చెదురుతున్నప్పుడు.

ఇట్లు,
తమరి విధేయులు,
పుస్తకం బోర్లా పెట్టి లైటు వేసుకుని పడుకునే పాఠకులు