ఆవిరి పల్చబడదు
లేజర్ వేస్తే పరమాణు ఆవిరి (విడివిడి పరమాణువుల వాయువు) పారదర్శకమవుతుందని మీ వ్యాసంలో చక్కగా రాశారు. కానీ ఆవిరే పల్చబడుతుందని కొందరు అనుకోవచ్చు. అలా కాదు, పరమాణువులన్నీ అక్కడే ఉంటాయి. ఆవిరిలోంచి పంపే కాంతికి రెండో లేజర్ తోడైతే కాంతిని పీల్చుకునే దారులు రెండవుతాయి, అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 1991లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త హారిస్ బృందం స్ట్రాన్షియం అనే లోహపు ఆవిరితో దీన్ని చూపించింది. మామూలుగా 337 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి అందులోంచి దాదాపు ఏమీ బయటికి రాదు. 570 నానోమీటర్ల పసుపు లేజర్ కూడా వేయగానే ఆ కాంతిలో సుమారు 40 శాతం బయటికి వచ్చేసింది! 1999లో భౌతిక శాస్త్రవేత్త లెనే హౌ బృందం ఇదే కిటుకుతో, అతిశీతల సోడియంలో కాంతి వేగాన్ని సెకనుకు 17 మీటర్లకు దించింది. అంటే గంటకు 61 కిలోమీటర్లు, మన ఎక్స్‌ప్రెస్ బస్సు వేగం. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. దయచేసి కాంతిని అలా నెమ్మదింపజేయడం గురించీ వివరంగా రాయండి.