బొటనవేలు పోయినా ఫరవాలేదు, నంబరు పెరగకూడదు

తాడు విసిరే విద్య ఇన్నాళ్లకు నాగరికమైంది. డాలస్ చూడవచ్చిన అమ్మానాన్నలను శనివారం రాత్రి ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్ రోడియోకి, అంటే పశువుల కాపరుల ఆటల పోటీకి, తీసుకెళ్లే మనవాళ్లకు ఈ సంగతి తట్టకపోవచ్చు. అందులో టీమ్ రోపింగ్ అనే ఆట చూస్తారు: రెండు గుర్రాల మీద ఇద్దరు, ముందొక ఎద్దు, ఒకరి తాడు దాని కొమ్ములకు, ఇంకొకరిది వెనక కాళ్లకు, ఏడెనిమిది సెకన్లు, చప్పట్లు. ఇంతలోనే అయిపోయేదాంట్లో తరాల తేడా ఏముంటుందని అనుకుంటారు. ఉంది.

ముందు పాతవాళ్ల అజ్ఞానం చూద్దాం. కాలిఫోర్నియాలో పశువులు కాసిన వకేరోలు పచ్చితోలుతో అల్లిన 60 అడుగుల రియాటా అనే తాడు వాడేవారు. గట్టిగా గుంజితే అది తెగుతుంది. అందుకని జీను ముందు పొడుచుకొచ్చిన కొమ్ము మీద తాడును జారనిస్తూ ఎద్దు జోరు మెల్లగా తగ్గించేవారు. పుండుకు మందు రాయాలి గనక ఎద్దును పట్టేవారట! పని ఉండి తాడు విసరడం, ఎంత మోటుతనం. టెక్సస్‌వాళ్లు మరీ మొండి. తాడు కొసను జీను కొమ్ముకే ముడేసేవారు. ఇక ఎద్దు ఎటు పోతే గుర్రమూ మనిషీ అటే.

ఇప్పుడు నైలాన్, పాలియెస్టర్ తాళ్లు. కొమ్ములు పట్టే హెడర్‌కు 30 అడుగులు, వెనక కాళ్లు పట్టే హీలర్‌కు 35. హెడర్ తాడు మెత్తగా ఉండాలి, కొమ్ముల మీద వాలి బిగుసుకోవాలి కదా. హీలర్‌ది బిరుసుగా ఉండాలి. ఎద్దు పొట్ట కింద ఉచ్చు నోరు తెరుచుకుని నిలబడితేనే కాళ్లు అందులో దిగుతాయి. ఎండకు తాడు మెత్తబడుతుంది, చలికి బిగదీసుకుంటుంది. అందుకని పొద్దుటికొకటి, మధ్యాహ్నానికొకటి డబ్బాలో సిద్ధం. పైన పౌడరు కూడా. పెళ్లికూతురికైనా అంత పూయరు.

జీను కొమ్ముకు రబ్బరు చుట్టడం ఇంకో ఘనకార్యం. జారాల్సిన తాడు చుట్టు పడీపడగానే కరుచుకుంటుంది. పద్ధతి తేలికే: ఉచ్చు పడగానే వదులు లాగి, తాడు పట్టిన చేతిని జీను కొమ్ము చుట్టూ గడియారానికి ఎదురు దిశలో తిప్పాలి, బొటనవేలు పైకి నిలబెట్టాలి. కంగారులో ఆ వేలు కిందికి వాలితే తాడుకూ కొమ్ముకూ మధ్య ఇరుక్కుంటుంది. తాడు అవతలి కొసన ఎద్దుంటుంది, అది ఆగదు. 1994లో రోడియో జాతీయ పోటీలైన నేషనల్ ఫైనల్స్‌లో క్లే ఓబ్రయన్ కూపర్‌తో కలిసి 10 ఎద్దులను 59.1 సెకన్లలో పట్టిన జేక్ బార్న్స్‌కే 2005లో అదే పోటీలో బొటనవేలు తెగింది. 2009 ఫైనల్స్‌లో ఒక ఎద్దు 3.3 సెకన్లకే దొరికింది. వేళ్లు లెక్కపెట్టుకోవడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది.

వేలు ఒకసారి పోతే మళ్లీ పోదు. నంబరు అలా కాదు, ఎన్నిసార్లయినా పెరుగుతుంది. హ్యాండీక్యాప్ పద్ధతిలో పోటీదారు నైపుణ్యాన్ని బట్టి నంబరిస్తారు, నేర్పు పెరిగితే నంబరూ పెరుగుతుంది. 9 నంబరు పోటీ అంటే ఇద్దరివీ కలిపి 9 దాటకూడదు. 5వ నంబరు హెడర్, 4వ నంబరు హీలర్ కలిస్తే చక్కటి సంసారం. ఆ హీలర్ బుద్ధిలేక వేసవంతా సాధన చేసి 5 అయ్యాడా, భాగస్వామి దూరం, ఆ పోటీ దూరం, డిసెంబరులో లాస్‌వేగస్ నంబరు పోటీల ఫైనల్లో లక్షల డాలర్ల ఆశ కూడా దూరం. కాబట్టి నేటి తరం రెండు విద్యలు నేర్వాలి, పట్టడం ఒకటి, పట్టలేకపోవడం రెండోది. వెనక కాళ్లలో ఒక్కటే పడితే 5 సెకన్ల జరిమానా. గడ్డిమోపుకు గుచ్చిన ప్లాస్టిక్ ఎద్దుతల మీద ఇంట్లో రోజుకు వందసార్లు తప్పకుండా విసిరేవాడు, నంబరిచ్చేవాళ్లు చూస్తుండగా సరిగ్గా ఒంటికాలే పట్టి, టోపీ తీసి తల గోక్కుంటాడు. ఆ తల గోక్కోవడానికే బహుమతి ఇవ్వాలి.

తాతలు దొరకని ఎద్దును పట్టానని కోతలు కోసేవారు. మనవలు పట్టిన ఎద్దును ఏదో అదృష్టమని దాచుకుంటున్నారు. వినయం పెరిగింది, కాదనలేం.

దాపరికం చేతగానిది ఎద్దుకే. దాని కొమ్ములకూ చెవులకూ తాడు ఒరుసుకోకుండా తొడుగు కడతారు. కొత్తలో తలుపు తెరవగానే సూటిగా దూసుకుపోతుంది. రోజూ పరిగెత్తించగా పరిగెత్తించగా, చివర ఏముందో దానికి అర్థమవుతుంది. నెమ్మదిగా బయల్దేరి, తాడు వాలబోయే క్షణాన తల వంచి, మలుపులో వెనక కాళ్లు ఎత్తకుండా ఈడుస్తుంది. గిట్ట నేల విడవకపోతే ఉచ్చు కింద దూరదు. ఇంత నేర్పు అందరి కళ్లెదుటే చూపిస్తుంది, కానీ దాని నంబరు ఎవరూ పెంచరు. బండెక్కించి అమ్మేసి, ఏమీ తెలియని ఇంకో ఎద్దును తోలుకొస్తారు.