క్లాసిక్ రాక్ వినబోయేవారికి ముందుజాగ్రత్తలు

నలభై దాటాక మనిషికి ఏదో ఒకటి పట్టుకుంటుంది. కొందరికి షుగరు, కొందరికి మారథాన్, కొందరికి మిద్దె మీద టొమాటో మొక్కలు. నాకు క్లాసిక్ రాక్ పట్టుకుంది, అంటే ముఖ్యంగా డెబ్బైల నాటి ఇంగ్లీషు గిటార్ బ్యాండ్ల పాటలు. నిజానికి మా ఆఫీసులో ఒక సీనియర్ పట్టించారు. ఆయన దగ్గర ఆరు నెలలు శుశ్రూష చేసి నేర్చుకున్న సంగతులు, నాలాంటి కొత్తవాళ్ళు దారి తప్పకూడదన్న సదుద్దేశంతో ఇక్కడ రాస్తున్నాను. నవ్వకండి, సీరియస్ వ్యవహారం.

అన్నిటికంటే ముందు, పాటలు వినకండి. చాలామంది చేసే తప్పు ఇదే. ఫోన్లో ఏదో ఒకటి పెట్టుకుని, బాగుందే అని తలూపేస్తారు. అలా మొదలైనవాడు ఇక బాగుపడడు. ముందు టీషర్టు కొనాలి. నల్లది. దాని మీద, స్కూల్లో చదువుకున్న పట్టకం ఉంటుంది చూడండి, అందులోకి తెల్లటి గీత వెళ్ళి అవతల రంగులై బయటికొస్తుంది. రంగులు ఏడు కాదు, ఆరే. లెక్కపెట్టుకుని ఉంచుకోండి, ఎవరో ఒకరు అడుగుతారు. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 1973 ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' అట్ట అది. అమెరికాలో బాగా అమ్ముడయ్యే ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ పట్టికలో 1988 లోపల మొత్తం 741 వారాలు కూర్చుంది, అంటే పద్నాలుగేళ్ళ పైమాటే, మన డైలీ సీరియళ్ళు కూడా కుళ్ళుకునే లెక్క.

టీషర్టు వేసుకుని మొదటిరోజు ఆఫీసుకెళ్ళి, ఉత్సాహం ఆపుకోలేక "సార్, వీళ్ళలో పింక్ ఎవరు?" అని అడిగాను. క్యాంటీన్ మొత్తం చల్లబడిపోయింది. పింక్ అనేవాడు ఎవడూ లేడు, ఫ్లాయిడ్ కూడా లేడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అని అమెరికాలో ఇద్దరు పాత బ్లూస్ గాయకులుంటే, ఈ బ్యాండు తొలి గాయకుడు సిడ్ బారెట్ ఆ రెండు పేర్లూ కలిపి దానికి పెట్టాడు. నాకు కలిగిన సందేహాన్నే ఒక రికార్డు కంపెనీ పెద్దమనిషి నోట పెట్టి 1975లో ఆ బ్యాండు ఒక పాటలో నవ్వుకుందని తర్వాత తెలిసింది. బ్యాండువాళ్ళు నవ్వుకున్నారు, మా సీనియర్ మాత్రం రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ప్రవర. గోత్రం తెలిసినవాడికి ప్రవర చెప్పడం రావాలి కదా, ఇక్కడా అంతే. డీప్ పర్పుల్ అనే బ్యాండుని వినాలంటే ముందు ఏ డీప్ పర్పుల్ అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే మనుషులు మారినప్పుడల్లా అభిమానులు మార్క్ వన్, మార్క్ టూ అని నంబర్లు వేసుకున్నారు. మార్క్ టూ శ్రేష్ఠం. గిల్లన్, బ్లాక్‌మోర్, గ్లోవర్, లార్డ్, పేస్. పంచార్షేయ ప్రవరాన్విత అని నేను పొద్దున్నే బైకు మీద వల్లెవేసేవాణ్ణి. అందులో పాడే ఇయాన్ గిల్లన్ 1973లో వెళ్ళిపోయాడు, 1983లో బ్లాక్ సబ్బాత్ అనే మరో బ్యాండు కండువా కప్పుకున్నాడు, 1984లో సొంతగూటికి చేరాడు, 1989లో మళ్ళీ బయటికి పంపితే 1992లో మళ్ళీ వచ్చాడు. మనకు ఇదేమంత కష్టం కాదు. రోజూ పేపరు చదివే తెలుగువాళ్ళకి ఇలాంటివి గుర్తుపెట్టుకోవడం అలవాటే.

ఈగల్స్ అనే బ్యాండు పాట 'హోటల్ కాలిఫోర్నియా' గురించి ఒక హెచ్చరిక. మా ఇంజనీరింగ్ హాస్టల్లో గిటార్ ఉన్న ప్రతివాడికీ ఆ పాట మొదటి అరనిమిషం వచ్చు, ఒక్కడికీ అరనిమిషం తర్వాతిది రాదు. నాకు అది నిజంగా ఇష్టం. చివర్లో డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఒకరి తర్వాత ఒకరు, ఆ తర్వాత కలిసి, రెండు నిమిషాల పాటు గిటార్లు వాయిస్తుంటే ఇద్దరు విద్వాంసులు స్వరాలు ఇచ్చిపుచ్చుకుంటున్నట్టు ఉంటుంది. ఇదంతా సార్‌కి చెప్పాను. "అది టిఫినయ్యా, భోజనం కాదు," అన్నారు. కాబట్టి మీకు ఆ పాట నచ్చితే నచ్చనివ్వండి, కానీ నలుగురిలో ఒప్పుకోకండి. ఎవరికీ తెలియని ఆల్బమ్‌లో రెండో వైపు మూడో పాట పేరు ఒకటి దగ్గర పెట్టుకోండి, అది చాలు. రికార్డుకి వైపులు ఎక్కడివి, నువ్వు వినేది ఫోన్లో కదా అని ఎవరూ అడగరు.

ఇక ఓపిక. లెడ్ జెపెలిన్ 1971లో ఒక ఆల్బమ్ తెచ్చారు, దానికి పేరు లేదు, అట్ట మీద బ్యాండు పేరు కూడా లేదు, పుల్లలమోపు మోస్తున్న ఒక ముసలాయన బొమ్మ ఉంటుంది, అంతే. అందులో ఎనిమిది నిమిషాల పాట ఒకటి, దాంట్లో డ్రమ్స్ రావడానికే నాలుగు నిమిషాలు దాటుతుంది. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు వీళ్ళ తాతలు. 1975లో వాళ్ళు చేసిన ఒక పాటలో మనిషి గొంతు వినపడాలంటే ఎనిమిది నిమిషాలు దాటాలి. ఒక ఆదివారం అది స్పీకర్లో పెట్టి కళ్ళు మూసుకుని కూర్చున్నాను. అమ్మ కూరలు తరుగుతూ అయిదు నిమిషాలు విని, ఇక ఉండబట్టలేక, "వీళ్ళింకా శ్రుతే చేసుకుంటున్నార్రా?" అంది.

నవ్వొచ్చింది కానీ, దీనికి సరిగ్గా తిరగేసిన కథ ఒకటుంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బీటిల్స్ బ్యాండులో ఒకప్పుడు వాయించిన జార్జ్ హారిసన్ కచేరీ పెట్టించాడు. మొదట రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ కూర్చుని సితార్, సరోద్ శ్రుతి చేసుకున్నారు. ఆపగానే హాలంతా చప్పట్లు! శ్రుతి చేసుకుంటేనే ఇంత నచ్చితే వాయించాక ఇంకా నచ్చుతుందనుకుంటాను అని రవిశంకర్ వాళ్ళకి మర్యాదగా చెప్పారు. అంటే అక్కడ శ్రుతిని పాట అనుకున్నారు, మా ఇంట్లో పాటని శ్రుతి అనుకున్నారు. సరిపోయింది.

అర్థాలు కూడా తెలిసి ఉండాలి. పైకి వినపడే అర్థం కాదు, లోతైనది. బ్లాక్ సబ్బాత్ గిటార్లో ఆ బరువు ఎందుకుంటుందో తెలుసా అని సార్ ఒకసారి అడిగి, జవాబు కూడా తనే చెప్పారు: పారిశ్రామిక నాగరికత మీద ఆత్మఘోష. నేను రాసుకున్నాను కూడా. తర్వాత చదివితే తెలిసిందేమిటంటే, ఆ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, అదీ చివరి రోజు డ్యూటీలో, యంత్రంలో చెయ్యి పడి రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కే కుడిచేతికే దెబ్బ. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, తర్వాత వాటిని వదులు చేసుకుని వాయించాడు. తీగ వదులైతే శ్రుతి దిగుతుంది, మోత బరువెక్కుతుంది. ఇది సార్‌కి చెబితే, "నేను చెప్పిందీ అదేగా, ఫ్యాక్టరీ అంటే పారిశ్రామిక నాగరికతే కదా," అన్నారు. సీనియర్లతో వాదనకి దిగకండి.

అన్నట్టు, వీళ్ళెవరూ అప్పట్లో తాము క్లాసిక్ రాక్ వాయిస్తున్నామని అనుకోలేదు. 1980లలో అమెరికా రేడియో స్టేషన్లు వయసు మీదపడుతున్న శ్రోతల కోసం వాళ్ళ కుర్రతనపు పాటలే మళ్ళీ వేస్తూ ఆ పేరు తగిలించాయి. మన పాత బంగారం లాంటిదే. ఈ మాట మాత్రం క్యాంటీన్లో అనలేదు.

మొన్న వాన పడుతుంటే డీప్ పర్పుల్ పెట్టుకుందామని కూర్చున్నాను, 'స్మోక్ ఆన్ ద వాటర్'. గిటార్ కొన్న ప్రతివాడూ మొదటి వారమే వాయించేసే ముక్క అది, కాబట్టి నిషిద్ధం, తలుపు వేసుకుని వినాలి. అమ్మ లోపలికొచ్చి దేని గురించిరా ఈ పాట అంది. చెప్పాను. 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లో, మాంట్రూ అనే ఊళ్ళో, చెరువు గట్టున ఒక కసీనోలో వీళ్ళు రికార్డింగ్ చేసుకుందామని వెళ్ళారమ్మా, ముందురోజు అక్కడ ఫ్రాంక్ జాపా అని వేరే ఆయన కచేరీ జరుగుతుంటే జనంలో ఎవడో సరదాకి పైకప్పులోకి మంట తుపాకీ పేల్చాడు, భవనం మొత్తం తగలబడిపోయింది, పొగ నీళ్ళ మీదుగా పోతుంటే చూసి, అదే పాట కట్టారు.

"జరిగింది జరిగినట్టు చెప్పారన్నమాట, బుర్రకథలాగా," అంది. తర్వాత ఒక్కక్షణం ఆగి, "ఎవరికీ ఏం కాలేదు కదా?" అంది.

ఆరు నెలల్లో ఈ పాట మీద మా క్యాంటీన్లో ఎన్ని గంటలు చర్చ జరిగిందో. ఏ గిటార్, ఏ యాంప్లిఫయర్, మార్క్ టూ నా కాదా. ఈ ప్రశ్న ఒక్కరూ వెయ్యలేదు.

"లేదమ్మా, ఎవరూ పోలేదు. క్లాడ్ అని ఒకాయన పిల్లల్ని బయటికి లాక్కొచ్చాడట, ఆయన పేరు పాటలోనే ఉంటుంది."

"మంచిది. అయితే పెట్టు," అని చిక్కుడుకాయల చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెట్టాను. గిటార్ వచ్చింది, వెనకాలే డ్రమ్స్ వచ్చాయి, నిమిషం తిరక్కుండానే గిల్లన్ అందుకున్నాడు.

"వీళ్ళు నయంరా, త్వరగానే మొదలుపెట్టారు."