ఫ్యాను బంజెయ్యండి, మా బామ్మర్ది వింటున్నాడు

రోహిణి కార్తె. మిట్టమధ్యాహ్నం రెండు గంటలు. హన్మకొండ నయీంనగర్‌లోని మా అత్తగారింట్లో ఎనిమిది మందిమి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కరెంటు పోలేదు. ఫ్యాన్లు మేమే ఆపాం. కూలరు ఆపాం. ఫ్రిజ్ ప్లగ్గు పీకాం. కుక్కర్ రెండో కూత వేయబోతుంటే అత్తమ్మ ఉరికి పోయి పొయ్యి ఆర్పింది. పప్పు ఉడికిందా లేదా అన్నది తర్వాతి సంగతి. లోపలి గదిలో మా బామ్మర్ది ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ల మీద తీర్పు చెప్పబోతున్నాడు. హైకోర్టులో తీర్పు వచ్చేటప్పుడు కూడా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. కానీ అక్కడ నడిచేది ఉరిశిక్షల్లాంటి చిల్లర వ్యవహారం. ఇక్కడ విషయం పాటలోని సన్న సౌండు, అనగా ట్రెబుల్.

ఇందులోని గాంభీర్యం అంతుబట్టని పామరుల కోసం కాస్త వివరిస్తాను. మామూలు హెడ్‌ఫోన్లకు చెవి మీద మూసిన డిప్ప ఉంటుంది. లోపలి పాట లోపల, బయటి లొల్లి బయట. ఓపెన్ బ్యాక్‌కు డిప్ప వెనక చాయ్ వడపోసే జాలీ లాంటిది ఉంటుంది. లోపలి పొర కొట్టుకున్నప్పుడు సౌండు ముందుకూ పుడుతుంది, వెనక్కూ పుడుతుంది. మూసిన డిప్పలో ఆ వెనకది గోడకు తగిలి తిరిగొచ్చి పాటను అలుకుతుంది. జాలీ ఉంటే దాని దారిన అది పోతుంది. అప్పుడు పాట నెత్తిలో కాకుండా గదిలో మోగుతున్నట్టు తోస్తుంది. ఈ సరుకును లోకానికి మొదట అమ్మింది జర్మనీలోని సెన్‌హైజర్ కంపెనీ. 1968లో, హెచ్‌డీ 414 అని పేరు పెట్టి, చెవులకు పసుప్పచ్చ స్పాంజి తొడిగి. అందులో నాకే పేచీ లేదు. జర్మనీ వాళ్లు చేసుకున్నారు, జర్మనీలో కూర్చుని విన్నారు.

బయటికి పోయే దారి ఉన్నచోట లోపలికి వచ్చే దారి కూడా ఉంటుంది. ఈ ముక్క మా అత్తమ్మకు ఒక్కసారి చెబితే తెలిసిపోయింది. ఆమె వంటింటి కిటికీకి దోమల జాలీ చిరిగి రెండేళ్లయింది మరి. అందుకే ఈ కర్ఫ్యూ. కాజీపేట జంక్షన్ వైపు నుంచి గూడ్సు కూత వస్తే బామ్మర్ది అటువైపు చూసిన చూపు రైల్వే శాఖ చూసి ఉంటే రాజీనామా చేసేది.

"బావా, ఫ్యాను 47 డెసిబెల్స్ కొడ్తుంది" అన్నాడు ఫోనులోని మీటరు నాకు చూపించి. "గీ లొల్లిల డీటెయిల్ ఎట్ల ఇనవడ్తది?"

నిజమే. మేం ఎనిమిది మందిమి చెమటలో ఈదుతున్నది డీటెయిల్ కోసమే. అరగంటకు గదిలోంచి మొదటి ప్రకటన వెలువడింది. స్టేజ్, అంటే పాట చుట్టూ పరుచుకున్నట్టు తోచే జాగా, వెడల్పుగా ఉందట, లోతు లేదట. మిడ్స్ మీద, అంటే గొంతులు పలికే నడిమి సౌండు మీద, ముసుగు ఉందట. ("ఎవలకురా ముసుగు?" అంది అత్తమ్మ భయంగా.) ట్రెబుల్‌లో మాత్రం మంచి గాలి ఆడుతోందట. ఇంట్లో ఎక్కడో ఒకచోట ఆడుతోందని తెలిసి మేమంతా సంతోషించాం.

వింటున్న పాట ఏదని అడిగాను. "పాట గాదు బావా, టెస్ట్ ట్రాకు" అన్నాడు. ఎక్కడో పరదేశంలో, ఏదో హోటల్లో కచేరీ అవుతుంటే మూడో టేబుల్ మీద ఎవరో గ్లాసు పెట్టిన సప్పుడు దాంట్లో రికార్డయిందట. అది వినబడిందని వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే అత్తమ్మ మంచినీళ్లు తాగి స్టీలు గ్లాసు బండ మీద పెట్టింది. "అమ్మా! జర మెల్లగ పెట్టరాదు!" అని ఇంటి కప్పు ఎగిరేలా అరిచాడు.

సౌండు తర్వాత బిల్డ్. హెడ్‌బ్యాండు వంచి చూశాడు, కీలు కిర్రుమంటుందా అని చెవి దగ్గర ఆడించాడు, వెల్వెట్ దిండ్లను వాసన చూశాడు. మే నెలలో ఓరుగల్లులో చెవులకు వెల్వెట్ కట్టుకోవడం గురించి నేనేమీ అనను. అత్తమ్మ ఏటా ఎండకాలం కుమ్మరి దగ్గర రంజన్ కొంటుంది. వేలి కణుపుతో ఒక్కటి కొడుతుంది, చెవి పెడుతుంది, "ఇది వద్దు, అది ఇయ్యి" అంటుంది. ఇంతవరకు ఒక్క రంజన్ కారలేదు. పాపం, ఆమెకు యూట్యూబ్ ఛానెల్ లేదు.

బరువు గురించి వాడికి నిశ్చితాభిప్రాయాలున్నాయి. ప్లానార్ అని ఒక రకం ఉంది. పల్చటి పొరను అయస్కాంతాల మధ్య బిగిస్తారు, కొన్ని అరకిలో దాటతాయి, మెడ పట్టేస్తుంది. అది కదా బిల్డ్ అంటే, అంటాడు. మన పాలంపేటలో, 1213 నాడు, రామప్ప గుడి కట్టినవాళ్లు గోపురం బరువు తగ్గాలని నీళ్లలో తేలే ఇటుకలు కాల్చారు. 2021లో యునెస్కో వాళ్లు చూసి వారసత్వ సంపద అన్నారు. మా బామ్మర్దిని పంపి ఉంటే చేత్తో ఎత్తి చూసి, "లైట్‌గ ఉంది బావా, చీప్ ఫీల్ వస్తుంది" అనేవాడు.

అంకెలు కూడా చెప్పాలి, అంకెలు లేకపోతే ఈ మతంలో మోక్షం లేదు. ఈ జాతిలో పెద్దమనిషి హెచ్‌డీ 600, 1997లో పుట్టింది, కరెంటుకు అడ్డుపడే లెక్క 300 ఓంలు. ఫోనుకు తగిలిస్తే గొంతు పెగలదు, పక్కన సౌండుకు బలమిచ్చే ఆంప్ కొనాలి. (300 సార్లు ఓం అన్నా అంత ఖర్చు కాదు.) దాని పెట్టె లెక్క 12 నుంచి 40,500 హెర్ట్జ్. మనిషి చెవి లెక్క 20 నుంచి 20,000, అదీ కుర్రతనంలో. పైన మిగిలిన సగం మా గల్లీ కుక్కల కోసం అన్నమాట. అవి వింటాయి. మా బామ్మర్ది కొన్నదాని ధర మాత్రం చెప్పలేను. అత్తమ్మకు చెప్పింది ఒకటి, నాకు చెప్పింది ఒకటి, బిల్లులో ఉన్నది ఇంకొకటి.

ఇక పాము సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కొత్త హెడ్‌ఫోన్లను 200 గంటలు ఆపకుండా మోగిస్తే "మెత్తబడతాయి" అని వీళ్ల నమ్మకం. బర్న్ ఇన్ అంటారు. నిజానికి మెత్తబడేవి రెండే: చెవి దిండ్లు, వాటికి అలవాటుపడ్డ మన చెవులు. కానీ నమ్మకం నమ్మకమే. 200 గంటలంటే ఎనిమిది రోజుల ఎనిమిది గంటలు. మావాడు వాటిని చెక్క బీరువా కింది అరలో, చీరల వెనక పెట్టి, పింక్ నాయిస్ అనే నిరంతర "ష్‌ష్‌ష్" పెట్టి, ఇంటర్వ్యూ ఉందని హైదరాబాదు వెళ్లిపోయాడు. ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు.

రెండో రోజు రాత్రి అత్తమ్మ చీర తీయబోయి ఆగింది. బీరువాలో బుస. తలుపు మూసి, నాగులమ్మకు మొక్కి, గల్లీ అంతా పిలిచింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే బీరువాకు చెవి ఆనించి విన్నారు. ఒకాయన జెర్రిపోతు అన్నాడు. పక్కింటాయన కళ్లు మూసుకుని, "బుస మందంగ ఉంది, రక్తపింజర" అన్నాడు. ఇంకొకాయన కాదు, సన్నగా ఉంది, పిల్ల నాగు అన్నాడు. మందం, సన్నం, లోతు, దూరం అని అరగంట వాదించుకున్నారు. హెడ్‌ఫోన్ల పరిభాష మా గల్లీకి పుట్టుకతోనే వచ్చని నాకా రాత్రి తెలిసింది. ఒకావిడ గిన్నెలో పాలు, రెండు గుడ్లు తెచ్చి బీరువా ముందు పెట్టింది. ఎవరో పసుపునీళ్లు చల్లారు. బుస మాత్రం అదే పట్టున, అదే శ్రుతిలో సాగుతోంది.

పదింటికి మట్టెవాడ వైపు నుంచి పాములు పట్టేటాయన వచ్చాడు. కొక్కెం కర్ర, గోనె సంచి పక్కన పెట్టాడు. అందర్నీ జరగమన్నాడు. ఫ్యాను ఆపమనలేదు, అది గమనించండి. తలుపుకు చెవి ఆనించి ఒక నిమిషం విన్నాడు. లేచి తువ్వాల దులిపి చెప్పాడు:

"అమ్మా, పాము బుసకొట్టి ఆగుతది. దానిగ్గుడ ఊపిరి గావాలె గద. ఇది ఆగుతలేదు. ఇది పాము గాదు, ఏందో మిషిని."

తెరిచి చూస్తే పట్టుచీరల మధ్య ఎర్ర లైటు, జాలీ కళ్లు రెండు. అయిదు వందలు తీసుకుని వెళ్లిపోయాడు. ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లను చెవికి పెట్టుకోకుండా, మూసిన బీరువా అవతల నిలబడి, తప్పు లేకుండా జడ్జ్ చేసిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. బామ్మర్దికి ఫోన్ చేస్తే మొదట అడిగింది, "అమ్మకేం గాలేదు గదా" అని కాదు. "ఆపేసిన్రా? అయ్యో, 41 గంటలే అయింది గదనే!"

ఇంతవరకు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను.

ఈ తీర్పుల సభకు పది రోజుల ముందు ఒక రాత్రి జరిగింది చెబుతాను. మా మామయ్యకు ఏప్రిల్లో గుండెకు రెండు స్టెంట్లు పడ్డాయి. నిద్ర ముఖ్యం అన్నాడు డాక్టరు. రాత్రి పదకొండుంబావుకు మా గల్లీలోకి బరాత్ వచ్చింది. డీసీఎం వ్యాను మీద మనిషి ఎత్తున డబ్బాలు పేర్చిన డీజే. కిటికీ అద్దాలు వణికాయి. వంటింట్లో గిన్నెల మూతలు వాటంతట అవే కిందపడ్డాయి. మామయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. దెబ్బ పడ్డప్పుడల్లా ఆ చెయ్యి అదరడం నేను చూశాను. అది స్టేజా, బేసా, ముసుగా?

ఈ దేశంలో దీనికి నిబంధనలున్నాయి. 2000 సంవత్సరంలో రాశారు. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆస్పత్రికి, బడికి, కోర్టుకు వంద మీటర్ల చుట్టూ నిశ్శబ్ద మండలం ప్రకటించొచ్చు, అక్కడ పగలు 50, రాత్రి 40. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. మా అత్తమ్మ ఫ్యాను 47, రాత్రి పూట అది కూడా నేరమే! నేను ఫోన్ చేశాను. ఎక్కడికి చేశానో రాయను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు. "పెండ్లి గద సార్, జర అడ్జస్ట్ గాండ్రి." ఎవరు అడ్జస్ట్ కావాలయ్యా? ఆ రెండు స్టెంట్లా?

కాళ్లు పట్టుకునైనా ఆపిద్దామని కిందికి దిగాను. డబ్బాలకు ఎదురుగా, తలకు కర్చీఫు కట్టుకుని, చెమటతో తడిసి ఎగురుతున్నాడు మా బామ్మర్ది. దోస్తు పెళ్లట. మేడ మీద తండ్రి. కింద కొడుకు. వాడి జేబులో ఫోను, ఫోనులో అదే మీటరు. ఆ రాత్రి దాన్ని తెరవలేదు.

పక్కన అరుగు మీద ఒక దప్పు మేళం కూర్చుని ఉంది. ఇజ్జత్ కోసం పిలిచి, డీజే రాగానే పక్కకు కూర్చోబెట్టారు. అందులో ముసలాయన చేతిలో దప్పు ఉంది, సిర్ర ఉంది, సిటికెన పుల్ల ఉంది. ఈయన సాయంత్రం గడ్డి మంట వేసి తోలు కాపి, వేలితో తట్టి, ఇంకాస్త కాపి, మళ్లీ తట్టి శ్రుతి చూసుకుని ఉంటాడు. సౌండు తెలిసినవాడంటే వాడు. వేయి స్తంభాల గుడి దగ్గర బతుకమ్మ చుట్టూ చప్పట్లే తాళంగా తరాలు పాడిన ఊరు ఇది. ఇప్పుడు బతుకమ్మకూ డీజేనే, వినాయకుడికీ డీజేనే. చెవులు చిల్లులు పడేదాకా మోగించుకుని, ఆ చిల్లులకు పెట్టుకోవడానికి జర్మనీ జాలీ తెప్పించుకుంటున్నాం. సిగ్గులేదు మనకు. నాకూ లేదు. ఆ రాత్రి నేను కూడా పెళ్లికొడుకు మేనమామ ఇచ్చిన కూల్‌డ్రింకు తాగి పైకెక్కి వచ్చాను.

సరే, మళ్లీ రోహిణి కార్తెకు వద్దాం. ఫ్యాన్లు ఆగి గంటంబావు. లోపల బామ్మర్ది మూడో గ్లాసు కోసం వెతుకుతున్నాడు. మామయ్య లేచాడు. లుంగీ సర్దుకుని, మెల్లగా గదిలోకి వెళ్లి, కొడుకు తల మీంచి హెడ్‌ఫోన్లు తీసి తన చెవులకు పెట్టుకున్నాడు. మేమంతా గుమ్మం దగ్గర మూగాం.

"ఇవి వెట్టుకుంటె బయటి లొల్లి ఇనవడదారా?"

"ఇనవడ్తది బాపూ. ఓపెన్ బ్యాక్ గద."

"మరి లోపటి సప్పుడు?"

"అదిగుడ బయటికి పోతది."

మామయ్య వాటిని తీసి, ఆ జాలీని బొటనవేలితో కాసేపు తడిమాడు.

"గిన్ని పైసలు వెడితివి, దీనికొక తలుపు వెట్టియ్యలేదారా ఆళ్లు?"

మంచం మీద పెట్టి, హాల్లోకి వచ్చి కూలరు స్విచ్చి వేశాడు. బామ్మర్ది గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు. కూలరు సప్పుడులో మాకు వినబడలేదు.