ఓటు రహస్యమే, బూత్ లెక్క మాత్రం బహిరంగం

ఓటర్లను బెదిరించేవాళ్ల మీద ప్రయోగించడానికి మన దగ్గర చట్టాలకు కొదవ లేదు. భారతీయ న్యాయ సంహిత 174వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, ప్రజాప్రాతినిధ్య చట్టం 135ఏ ప్రకారం బూత్ ఆక్రమణకు ఏడాది నుంచి మూడేళ్లు, అదే చట్టం 123(2) కింద బెదిరింపు రుజువైతే గెలిచినవాళ్ల ఎన్నికే రద్దు. కాకపోతే ఇవన్నీ కదలాలంటే భయపడ్డ మనిషే ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి, ఆ ఊళ్లోనే బతకాల్సినవాళ్లు ఎంతమంది చెబుతారు?

అసలు ఇప్పుడు బెదిరించడానికి కర్రలూ కత్తులూ అక్కర్లేదు. మీ బూత్‌లో మాకెన్ని పడ్డాయో రేపు చూస్తాం, ఆ తర్వాత పని మీద మా దగ్గరికే కదా వస్తారు అంటే చాలు. 2019లో సుల్తాన్‌పూర్‌లో బీజేపీ అభ్యర్థి మేనకా గాంధీ ముస్లిం ఓటర్లతో ఇంచుమించు ఇదే అన్నారు. ఎన్నికల సంఘం 48 గంటలు ప్రచారం చేయొద్దంది. ఆమె గెలిచారు కూడా.

ఆ మాట వట్టి బెదిరింపేమీ కాదు, నిజంగానే తెలుస్తుంది. కౌంటింగ్ హాల్లో టేబుల్‌కో బూత్ చొప్పున ఈవీఎంలో ఓట్లు నమోదై ఉండే కంట్రోల్ యూనిట్ పెట్టి బటన్ నొక్కుతారు, ఎవరికెన్నో తెర మీద వస్తుంది, జాలీ అవతల కూర్చున్న ఏజెంట్లు బూత్ నంబర్ వేసుకుని రాసుకుంటారు, తర్వాత అదే లెక్క ఫారం 20లో అధికారికంగా బయటికొస్తుంది. బూత్‌కి వెయ్యి, పన్నెండొందల మంది ఓటర్లు ఉండే చోట ఏ వాడ ఎటు వేసిందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. విధుల్లో ఉన్న అధికారి ఒక్కరి ఓటు బయటపెడితే ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, వాడ మొత్తం ఓటు బయటపెడితే మాత్రం అది ఫలితం!

బ్యాలెట్ పేపర్ల కాలంలో దీనికి మందు ఉండేది. కక్ష సాధింపు భయం ఉన్న చోట బూత్‌ల పేపర్లన్నీ కలిపేసి లెక్కించమని ఎన్నికల సంఘం చెప్పడానికి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 59ఏ వీలిచ్చింది. ఈవీఎంలు వచ్చాక ఆ వీలు పోయింది. పద్నాలుగు యూనిట్ల ఓట్లు కలిపి చూపే టోటలైజర్ వాడదామని సంఘం 2008లోనే అడిగింది, 2015లో లా కమిషన్ కూడా సరేనంది. కేంద్రం ఒప్పుకోలేదు: ఎక్కడ వెనకబడ్డామో తెలిస్తే పార్టీలు అక్కడ పనిచేసుకుంటాయట. పనిచేస్తాయా, పనులు ఆపేస్తాయా?

బూత్ లెక్క లేకపోతే రిగ్గింగ్ ఎలా పట్టుకుంటాం అనే ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు. ఒక బూత్‌లో ఓట్లన్నీ ఒకే గుర్తుకు పడితే అనుమానం రావడానికి ఆ అంకెలే ఆధారం. కానీ పోలైన మొత్తాన్ని బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో పోలింగ్ రోజే రాసే ఫారం 17సీతో పోల్చడానికి పార్టీలవారీ లెక్క అవసరం లేదు, బూత్‌వారీ వివరాలను కోర్టు అడిగితేనే తెరిచేలా సీల్ చేసి ఉంచొచ్చు.

2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు ఓటేశాక చేసే సాంఘిక బహిష్కరణను, పథకాలు అందకుండా అడ్డుకోవడాన్ని కూడా నేరాల్లో చేర్చారు, అంటే పోలింగ్ తర్వాతి పగ గురించి పార్లమెంటుకు బాగా తెలుసు. లెక్కింపు పద్ధతి మార్చడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఎన్నికల నిర్వహణ నిబంధనలను కేంద్రం సవరించి గెజిట్‌లో ప్రకటిస్తే సరిపోతుంది.