ప్రశ్న కంటే ముందే జవాబు: లిస్టు మెయిళ్లు ఎక్కడ ఆగుతాయి?

ఒక్క చిరునామాకు పంపితే సభ్యులందరికీ చేరే మా కళాశాల పూర్వ విద్యార్థుల మెయిలింగ్ లిస్టులో ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నకు మరొకరు ఇచ్చిన జవాబు నాకు ఉదయం తొమ్మిదిన్నరకే చేరింది. ప్రశ్న మాత్రం పదిన్నర దాటాక వచ్చింది. ఇలాంటప్పుడు లిస్టు నిర్వాహకుణ్ణి తప్పుపట్టడం మనకు అలవాటు. చాలాసార్లు ఆ తప్పు ఆయనది కాదు, అసలు అది తప్పే కాకపోవచ్చు.

ఈమెయిల్ పనితీరు ఫోన్ కంటే తపాలాకే దగ్గర. జాన్ పోస్టెల్ 1982లో రాసిన, సర్వర్లు మెయిల్‌ను చేతులు మార్చుకునే పద్ధతిని చెప్పే ఎస్ఎంటీపీ ప్రమాణం ప్రకారం ఒక సర్వర్ మెయిల్‌ను పూర్తిగా అందుకొని, తన దగ్గర భద్రపరచుకున్నాకే తరువాతి సర్వర్‌కు అప్పగిస్తుంది. అందిందని ఒప్పుకున్న క్షణం నుంచి బాధ్యత ఆ సర్వర్‌దే. అవతలి సర్వర్ పలకకపోయినా, ‘ఇప్పుడు కాదు’ అన్నా, మెయిల్‌ను పారేయకుండా క్యూలో ఉంచి మళ్లీ ప్రయత్నించాలి. 2008లో సవరించిన ప్రమాణం ఒక ప్రయత్నానికీ మరొకదానికీ మధ్య మామూలుగా కనీసం 30 నిమిషాల వ్యవధి ఉండాలనీ, ఆశ వదులుకునే ముందు నాలుగైదు రోజులైనా చూడాలనీ చెబుతోంది. అంటే మెయిల్ పోకుండా ఉండటానికి కట్టే వెలే ఈ ఆలస్యం.

లిస్టు విషయానికి వస్తే, సభ్యుడు పంపేది ఒక్క మెయిలే. దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేర్ పంపినవారు సభ్యులా కాదా, పరిమాణం పరిమితిలో ఉందా అని చూసి, అందరి చిరునామాలకూ బట్వాడా మొదలుపెడుతుంది. సభ్యులను చేర్చడం, తీసేయడం అనే చాకిరీని 1986లో ఎరిక్ థామస్ రాసిన లిస్ట్‌సర్వ్ అనే ప్రోగ్రామ్ యంత్రానికి అప్పగించింది గానీ, చాలా లిస్టుల్లో ఆమోదముద్ర మనిషి చేతిలోనే ఉండిపోయింది. హైదరాబాద్‌లో ఉదయం పది గంటలకు పంపిన మెయిల్ న్యూజెర్సీలో ఉండి మెయిళ్లను ఆమోదించే మోడరేటర్ కోసం ఆగితే, అక్కడ అది అర్ధరాత్రి. ప్రవాసులు నడిపే తెలుగు లిస్టుల్లో సగం ఫిర్యాదులకు మూలం ఇదేనని నా అనుమానం.

మా ప్రశ్న ఆగిపోయింది మాత్రం మోడరేటర్ దగ్గర కాదు. మెయిల్ హెడర్‌లో, అంటే మెయిల్‌తో పాటు వచ్చే ప్రయాణ వివరాల్లో, ‘రిసీవ్డ్’ అనే వరుసలు ఉంటాయి. వాటిని కింది నుంచి పైకి చదివితే ఏ సర్వర్ ఏ సమయానికి అందుకుందో తెలుస్తుంది. ఒక వరుసలో భారత కాలమానం, మరోదానిలో గ్రీనిచ్ కాలమానం ఉంటే, లేని అయిదున్నర గంటల తేడా ఉన్నట్టు కనిపిస్తుంది, అది ఒక్కటి చూసుకోవాలి. ఆ ప్రశ్న లిస్టు సర్వర్‌కు 9.04కు చేరింది, నేను పనిచేసే ఆఫీసు సర్వర్ దాన్ని 10.36కు అంగీకరించింది. పైన మరో వరుసలో 5,520 సెకన్లు ఆపినట్టు ఆ సర్వరే రాసుకుంది. దీన్ని గ్రేలిస్టింగ్ అంటారు. 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో, కొత్తగా కనిపించిన పంపకందారును మొదటిసారి తాత్కాలికంగా తిప్పి పంపుతారు. నిజాయితీ గల సర్వర్ మళ్లీ వస్తుంది, స్పామ్ పంపేవాడు ఎక్కువగా రాడు. జవాబిచ్చిన పెద్దమనిషి నా చిరునామాను విడిగా చేర్చడంతో, ఆ జవాబు లిస్టుతో పనిలేకుండా నేరుగా వచ్చేసింది.

పెద్ద మెయిల్ సంస్థల గుమ్మం దగ్గర పరిస్థితి ఇంకా కఠినం. 2014 ఏప్రిల్‌లో యాహూ తన చిరునామాలతో వచ్చే, ధ్రువీకరణ కుదరని మెయిళ్లను తిరస్కరించాలని ఇతర సర్వర్లకు ప్రకటించింది. లిస్టులు సబ్జెక్టుకు ముందు తమ పేరు, చివర నాలుగు పంక్తులు తగిలిస్తాయి కాబట్టి, మెయిల్ దారిలో మారలేదని ధ్రువీకరించే డిజిటల్ సంతకం చెడిపోతుంది. ఫలితంగా యాహూ సభ్యుల మెయిళ్లు తిరిగొచ్చాయి, తిరుగుటపాలు ఎక్కువై, వాటిని అందుకోవాల్సిన, ఏ పాపం ఎరుగని సభ్యుల పేర్లూ లిస్టుల్లోంచి తొలగిపోయాయి. 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి గూగుల్ మరిన్ని నిబంధనలు పెట్టింది. స్పామ్‌ను అరికట్టడం అవసరమే. కానీ ఆ ఖర్చును మోస్తున్నది జీతం లేకుండా, తీరిక వేళల్లో సర్వర్ చూసుకునే చిన్న లిస్టుల నిర్వాహకులు. ‘తరువాత ప్రయత్నించండి’ అన్న పెద్ద సర్వర్, తన దృష్టిలో వారి ప్రతిష్ఠ ఎందుకు తగ్గిందో వివరంగా చెప్పదు.

నేను అడిగిన వారానికి మా ఆఫీసు వాళ్లు లిస్టు సర్వర్‌ను గ్రేలిస్టింగ్ మినహాయింపుల్లో చేర్చారు. అమెరికాలో రాత్రివేళ ఆమోదించడానికి ఇక్కడి సభ్యుడొకరికి అధికారం ఇవ్వాలన్న నా మెయిల్ మాత్రం ఇంకా మోడరేటర్ క్యూలోనే ఉంది.