వేదిక మీది సోఫా గారికి, చాప మీది విశ్వాసి రాసుకున్నది

మహారాజరాజశ్రీ సోఫా గారికి,

ప్రభువు నామమున వందనాలు. మొన్నటి మా సంఘ వార్షికోత్సవానికి తమరు షామియానా వాళ్ల ట్రాలీ ఆటోలో వేంచేసి, యూత్ కుర్రాళ్ల భుజాలెక్కి, పుల్పిట్ పక్కన కొలువు తీరినందుకు ధన్యులం. ఎర్ర వెల్వెట్టు, బంగారు రంగు పూసిన చెక్క, చేతుల చివర నోళ్లు తెరిచిన సింహాలు. మీ ధాటికి పాస్టరు గారి కుర్చీ బిక్కచచ్చిపోయింది.

మిమ్మల్ని దగ్గర్నుంచి చూసే భాగ్యం కూటం అయిపోయాక దక్కింది. సీటు సందులో వేలు పెడితే పసుపు అక్షింతలు, చమ్కీలు, ఎవరో కిళ్లీలోంచి పీకి దాచిన లవంగం. అంటే ముందురోజు ఎవరి రిసెప్షన్‌లోనో ఉండి, పొద్దున్నే మా దగ్గరికొచ్చారన్నమాట. తప్పు పట్టడం లేదు. పెళ్లికొడుకు కూర్చున్నా, పార్టీ నాయకుడు కూర్చున్నా, దైవజనుడు కూర్చున్నా మీరు ఒకేలా కుంగుతారు. ఆ వేదిక మీద పక్షపాతం లేనిది మీరొక్కరే.

మా మామ్మగారి సంగతి మాత్రం మీతో తేల్చుకోవాలి.

ఊళ్లో అందరికీ ఆవిడ మామ్మగారే. తాటాకు పాక కూడా లేని రోజుల్లో ప్రార్థన జరిగింది ఆవిడ వసారాలో. బైబిల్లో అపొస్తలుడు పౌలు గారు కొలొస్సయులకు ఉత్తరం రాస్తూ నుంఫా ఇంట్లో కూడే సంఘానికి వందనాలు చెప్పారు చూశారూ, మాకు నుంఫా అంటే ఈవిడే. మోకాళ్లు అరిగిపోయి చాప మీద కూర్చోలేదు కాబట్టి ముందు వరసలో, ఫ్యాను కింద, ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఇన్నేళ్లకీ సంఘం ఆవిడకిచ్చిన సన్మానం అదొక్కటే.

ఆదివారం బ్యాడ్జీ పెట్టుకున్న వలంటీరొకడు వచ్చి, “మామ్మగారూ, కొంచెం వెనక్కి సర్దుకోండి, వీఐపీలొస్తున్నారు” అన్నాడు. వాడికి సండే స్కూల్లో కంఠత వాక్యాలు నేర్పింది ఆవిడే. మాట్లాడకుండా లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచి, చెప్పులు విప్పే మెట్టు మీద కూర్చుంది.

బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఇలా పొల్లుపోకుండా నెరవేరడం నేనెప్పుడూ చూడలేదు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి స్థలం, దరిద్రుడికి పాదపీఠం దిగువ. కాకపోతే యాకోబు చెప్పిన ఉంగరం ఆసామి మందిరంలోకి వచ్చాకే ఆ మర్యాదలన్నీ. మావాడు ఇంకా దారిలోనే ఉన్నాడు.

“ముఖ్య అతిథి గారు బయల్దేరారు.” “బైపాస్ దగ్గరున్నారు.” “ఐదు నిమిషాల్లో మన మధ్య ఉంటారు.” మైకులో ఈ సువార్త వింటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ప్రభువు రాకడ గురించి కూడా మా సంఘంలో ఇన్నిసార్లు ప్రకటించి ఉండరు. అంతసేపూ మీరు ఖాళీ. స్టాండు ఫ్యాను మీ మీదికే తిప్పి పెట్టారు. అవతల మెట్టు మీదికి ఎండ పాకుతుంటే మామ్మగారు కొంగుతో విసురుకుంటోంది. ఖాళీ సోఫాకి ఫ్యాను!

ఆరోజు పాస్టరు గారు ఎత్తుకున్న వాక్యం అపొస్తలుల కార్యములు 2:42. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. ఆది సంఘం గురించి బాగానే చెబుతున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. సరిగ్గా సహవాసం దగ్గరికొచ్చేసరికి బయట కారు హారన్ మోగింది. ప్రసంగం ఆగిపోయింది. పెద్దలు దండ పట్టుకుని గేటుకి పరుగెత్తారు. క్వయర్ స్వాగత గీతం అందుకుంది. రొట్టె విరవడం, ప్రార్థన వచ్చే వార్షికోత్సవానికి చెబుతారేమో.

మూడో శతాబ్దంలో సిరియా సంఘాల్లో దిదస్కాలియ అని ఒక క్రమశిక్షణ గ్రంథం ఉండేది. ఈ కారు హారన్ సంగతి అందులో ఉంది. బిషప్పు వాక్యం చెబుతుండగా లోకంలో గొప్పవాడెవడైనా లోపలికి వస్తే, ప్రసంగం ఆపి అతనికి చోటు చూపించబోకూడదు. ఆ పని సహోదరులు చూసుకుంటారు. అదే ఒక బీదవాడో బీదరాలో, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లు వచ్చి, కూర్చోవడానికి చోటు లేకపోతే, బిషప్పు మనసారా వాళ్లకు చోటు కల్పించాలి, అందుకోసం తాను నేల మీద కూర్చోవలసి వచ్చినా సరే. నేల మీద, సోఫా గారూ. బిషప్పు!

ఆది సంఘంలో అందరూ దేవదూతలేనని నేననను. కొరింథు సంఘంలో డబ్బున్నవాళ్లు ముందే తినేసి లేనివాళ్లని పస్తు పెడితే పౌలు గారు గట్టిగా చీవాట్లు పెట్టారు. (మా ప్రేమవిందులో వీఐపీలకి వెనక గదిలో మటన్, మాకు లైనులో సాంబారన్నం. దాని మీద ఇంకో ఉత్తరం రాస్తాను.) సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపస్‌లో 1930ల్లో తవ్వితే బయటపడిన ఆది క్రైస్తవుల మందిరం ఒకప్పుడు మామూలు ఇల్లు. రెండు గదుల మధ్య గోడ కొట్టేసి కూడికకి చోటు చేసుకున్నారు. అందులోనూ ఒక కొసన చిన్న వేదిక కనబడింది. మీ జాతికి కాలు పెట్టడానికి ఆ కాస్త ఎత్తు చాలు.

మీ పెద్దల చరిత్ర కూడా చదివాను. అప్పటి సిరియాలోని అంతియొకయలో సమోసతవాడైన పౌలు అని ఒక బిషప్పు ఉండేవాడు (అపొస్తలుడు పౌలు గారు కాదు). క్రీ.శ. 268లో బిషప్పులంతా సభ కూడి ఆయన్ని పదవిలోంచి తీసేశారు. అసలు గొడవ ఆయన బోధ గురించే, కానీ వాళ్లు రాసిన ఉత్తరం నిండా ఆయన దర్జా ఉంది. సంఘ చరిత్రకారుడు యూసేబియస్ దాన్ని మనకి మిగిల్చాడు. క్రీస్తు శిష్యుడికి తగనట్టుగా ఎత్తైన సింహాసనం చేయించుకున్నాడట. లోకాధికారుల మాదిరి విడిగా ఒక గది. ప్రసంగిస్తుంటే జనం చప్పట్లు కొట్టి చేతిరుమాళ్లు ఊపాలి, ఊపనివాళ్లకి తిట్లు. బజార్లో నడుస్తుంటే ముందూ వెనకా మంది. ఫ్లెక్సీ ఒక్కటే తక్కువ. పదవి పోయాక మందిరం ఖాళీ చేశాడా అంటే అదీ లేదు. చివరికి విశ్వాసి కూడా కాని రోమా చక్రవర్తి అవురేలియన్‌కి మొరపెట్టుకుని ఖాళీ చేయించాల్సి వచ్చింది.

పదిహేడు వందల యాభై ఏళ్లు దాటింది. ఇంకా కూర్చునే ఉన్నారు.

ఇంతకీ మా అతిథి గారు ఏం చేశారు? శాలువా కప్పించుకున్నారు. “రెండు నిమిషాలు” అని మొదలెట్టి ముప్పావు గంట మాట్లాడారు. ఫోటోకి సరిపడా మీలో కూర్చున్నారు. ఆశీర్వాద ప్రార్థనకి ముందే వేరే ప్రోగ్రాం ఉందని వెళ్లిపోయారు. ఆయన వెళ్లాకైనా ఎవరైనా గుమ్మం వైపు చూశారా? లేదు. నువ్వు మళ్లీ ఖాళీ.

అవును, నువ్వనే అంటున్నాను. మర్యాద అయిపోయింది.

క్రీ.శ. 112 ప్రాంతంలో, రోమా సామ్రాజ్యంలోని బితూనియకి గవర్నరైన ప్లినీ, క్రైస్తవుల గుట్టు లాగాలని ఇద్దరు దాసీలను పట్టుకుని చిత్రహింసలు పెట్టించాడు. వాళ్లు సంఘంలో పరిచారకులట, చక్రవర్తికి ఆయనే రాశాడు. సంఘం గురించి తెలుసుకోవాలంటే ఎవరిని అడగాలో ఆ రోమా అధికారికి తెలుసు. ఆ ఇద్దరూ మా వార్షికోత్సవానికి వస్తే బ్యాడ్జీవాడు ఎక్కడ కూర్చోబెట్టేవాడు? చెప్పుల దగ్గర. నిన్ను మోసుకొచ్చి, నీ ముందు నిలబడి శిష్యరికం గురించి పాటలు పాడామే, మాకు సిగ్గు లేదు. నీకెలాగూ ఉండదు.

అసలు నీ అద్దె ఎవరు కట్టారనుకున్నావు? అతిథి గారు కాదు. పూట పూటా ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం పక్కకు తీసి, ఆదివారం సంచిలో తెచ్చే ఆడవాళ్లు. ఆ బియ్యం అమ్మిన డబ్బు వార్షికోత్సవం ఖాతాలోకి పోతుంది. మామ్మగారి సంచి ఒక్క వారం కూడా తప్పదు. ఆవిడని మెట్టు మీదికి పంపిన సోఫాకి అద్దె ఆవిడే కట్టింది.

వచ్చే ఏడు కూడా కమిటీ వాళ్లు నిన్ను పిలుస్తారు, నాకు తెలుసు. రా. ట్రాలీలోంచి దించేది వాళ్లు కాదు, మేము. నేనూ యూత్ కుర్రాళ్లూ అప్పుడే మాట్లాడేసుకున్నాం, ఆ బ్యాడ్జీ పెట్టుకున్నవాడు కూడా సరేనన్నాడు. నువ్వు ముగ్గురు పట్టే సోఫావి. మామ్మగారు, పక్కన కళ్లు కనిపించని తాతగారు, కూలి పనిలో నడుం పట్టేసిన పెద్దమ్మ. వేదిక ఎక్కించకుండా కింద ముందు వరసలోనే దించేస్తాం. అతిథి గారికి ప్లాస్టిక్ కుర్చీ ఉంది, తుడిచి వేస్తాం.

మామ్మగారికి ఇంకా చెప్పలేదు. చెబితే ముందు “అద్దె ఎంతరా?” అని అడుగుతుంది. ఏం చెప్పాలో తెలియక తలలు పట్టుకున్నాం.

ఇట్లు,
చాప మీద కూర్చునే ఒక విశ్వాసి